కరెంటు ఆదా చేసే మోటార్లు, పెరిగిన కరెంటు: అనంతపురం బోర్ల మీద ఒక కేస్ స్టడీ

రైతుల బోర్లకు పాత మోటార్ల బదులు కరెంటు ఆదా చేసే మోటార్లు ఇచ్చే పథకం అది. దాని కాగితాల ప్రకారం ఆ 11 కేవీ ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి బోర్లకు కరెంటు తెచ్చే లైను) మీద వ్యవసాయ కరెంటు 30 శాతం దాకా తగ్గాలి. పాత మోటార్లు పైకి లాగి, ఫైవ్ స్టార్ సబ్‌మెర్సిబుల్ మోటార్లు దించి అప్పటికి ఏడాది దాటింది. సబ్‌స్టేషన్ లాగ్‌బుక్ తిరగేస్తే రీడింగు తగ్గకపోగా కాస్త పెరిగింది. మోటార్లు సప్లై చేసిన కంపెనీ టెస్టు రిపోర్టులు ముందు పెట్టి మా తప్పేం లేదంది. ఫీల్డు సిబ్బంది దొంగ కనెక్షన్ల మీదకి నెట్టారు. మిగిలిన యూనిట్లను బట్టే కంపెనీకి డబ్బులు రావాలి కాబట్టి పేమెంటు ఆగిపోయింది. ఎవరి మాట నిజమో తేల్చమని మూడో పార్టీగా మా టీమ్‌ని పిలిచారు. నేను బీఈఈ (బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ) సర్టిఫికెట్ ఉన్న ఎనర్జీ ఆడిటర్‌ని. ఫ్యాక్టరీల్లో బాయిలర్లు, కంప్రెసర్లు చూడటం నా రోజువారీ పని. బోర్ల పని వస్తే వదులుకోను, ఎందుకంటే ఇందులో మనుషులు కూడా లెక్కలోకి వస్తారు.

ముందే చెప్పేస్తాను. కంపెనీ చెప్పింది నిజం, మోటార్లు బాగున్నాయి. దొంగ కనెక్షన్లు ఉన్న మాట నిజమే గానీ అవి పాతవే, ముందు ఏడాది రీడింగులో కూడా ఉన్నాయి. కరెంటు పెరగడానికి అసలు కారణం మోటార్లు బాగుండటమే.

ఊరి పేరు, కంపెనీ పేరు రాయను. అనంతపురం జిల్లాలో చీనీ (బత్తాయి) తోటలు, శనక్కాయ చేలు ఉన్న ఊరు అంటే ఈ వైపు వాళ్లకు నేల సంగతి అర్థమైపోతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. కింద అంతా గ్రానైటు. పైనున్న మెత్తటి పొరలోనూ, ఇంకా కిందికి పోతే రాతి పగుళ్లలోనూ ఎంత నీరుంటే అంతే. ఒకరి బోరులో రెండించుల నీళ్లు పడితే, పక్క చేలో దుమ్ము లేస్తుంది.

మీటరు లేని చోట ఆదా ఎలా లెక్కేస్తారు

ఆంధ్రప్రదేశ్‌లో 2004 మే నుంచి వ్యవసాయానికి ఉచిత కరెంటు. ఉచితమైన చోట మీటరుతో ఎవరికీ పని ఉండదు. అప్పట్లో ఎక్కువ సర్వీసులకు (బోరు కనెక్షన్లకు) మీటర్లే ఉండేవి కావు. కొన్ని ట్రాన్స్‌ఫార్మర్ల మీద నమూనాగా మీటర్లు పెట్టి, వాటిని బట్టి మొత్తం వాడకాన్ని అంచనా వేసేవారు. ఉచిత కరెంటు కావాలంటే రైతు కెపాసిటర్, ఐఎస్ఐ మార్కు పంపుసెట్టు, ఫ్రిక్షన్‌లెస్ ఫుట్‌వాల్వు, హెచ్‌డీపీఈ పైపులు పెట్టుకోవాలన్న షరతు మొదట్లో ఉండేది. ఊళ్లో ఎవరినైనా అడిగి చూడండి, కెపాసిటర్ ఎక్కడుందో చూపించగలిగినవాళ్లు తక్కువ.

అందుకే ఇలాంటి పథకాల్లో ఆదాను నేరుగా కొలవరు, ఊహిస్తారు. పాత మోటారు గంటకు ఎంత కరెంటు తాగి ఎన్ని నీళ్లు పోస్తోందో ఒకసారి కొలుస్తారు. కొత్త మోటారునూ అలాగే కొలుస్తారు. ఒక ఘనపు మీటరు, అంటే వెయ్యి లీటర్ల నీటికి పట్టే యూనిట్ల తేడా తీసి, దాన్ని రైతు ఏడాదికి తోడే నీటితో గుణిస్తారు. వచ్చిన అంకెను ఆదా అంటారు. ఇందులో రైతు ముందు ఎన్ని నీళ్లు తోడాడో తర్వాత కూడా అన్నే తోడతాడన్న ఊహ ఒకటి దాక్కుని ఉంది. రిపోర్టులో ఎక్కడా దాన్ని వాక్యంగా రాయరు. ఫార్ములాలో మాత్రం ఉంటుంది.

ఈ ఊళ్లో మాకు కలిసొచ్చిన విషయం ఒకటుంది. మోటార్లు మార్చకముందు వాడకం ఎంతో చూసే బేస్‌లైన్ సర్వే చేసినవాళ్లు పన్నెండు బోర్లకు ఎనర్జీ మీటర్లు, మోటారు తిరిగిన గంటలు లెక్కపెట్టే అవర్ మీటర్లు బిగించి, పాత మోటార్లతోనే ఏడాది నడవనిచ్చారు. మోటార్లు మార్చాక కూడా ఎవరూ వాటిని పీకలేదు. స్టార్టరు డబ్బాల్లో బల్లుల మధ్య అవి తిరుగుతూనే ఉన్నాయి. ముందూ వెనకా రెండేళ్ల రీడింగు చేతికొచ్చింది. ఇలాంటి డేటా వ్యవసాయ ఫీడర్ల మీద దొరకడం అరుదు.

ఒక్క బోరు, దగ్గర్నుంచి

పన్నెండిట్లో ఒకటి తీసుకుని చెబుతాను. మూడెకరాల చీనీ తోట, పక్కనే మెట్ట. ఐదు హెచ్‌పీ సర్వీసు. పాత మోటారు మీద కంపెనీ ప్లేటు ఉంది గానీ లోపలి వైండింగు కంపెనీది కాదు. ఎన్నోసార్లు కాలి, ఎన్నోసార్లు చుట్టించిన మోటారది. ఓల్టేజీ పడిపోయినా తిరగాలని రివైండింగు షాపు వాళ్లు వైరు మార్చి చుడతారు. తిరగడం తిరుగుతుంది, తాగడం కూడా తాగుతుంది.

కొలతకు సర్వే వాళ్లు క్లాంప్ ఆన్ ఫ్లో మీటరు (పైపు మీద బిగించి నీటి ధార కొలిచేది) వాడారు. కానీ రైతు నమ్మేది డ్రమ్మునే, కాబట్టి డ్రమ్ముతో కూడా పట్టారు. 200 లీటర్ల డ్రమ్ము నిండడానికి పాత మోటారుతో 111 సెకన్లు పట్టినట్టు బేస్‌లైన్ రికార్డులో ఉంది. అంటే సెకనుకు 1.8 లీటర్లు, ఊరి లెక్కలో ఇంచిన్నర నీళ్లు. కొత్త మోటారు దించిన వారంలో పట్టినప్పుడు 77 సెకన్లకే డ్రమ్ము నిండినట్టు పథకం రికార్డులో ఉంది. సెకనుకు 2.6 లీటర్లు, రెండించులు. పాతది 4.7 కిలోవాట్లు తాగేది, కొత్తది 4.3. నీటిని ఎత్తాల్సిన మొత్తం ఎత్తు రెండుసార్లూ 80 మీటర్లే.

80 మీటర్ల పైకి వెయ్యి లీటర్లు ఎత్తడానికి భౌతికశాస్త్రం అడిగేది 0.22 యూనిట్లు మాత్రమే. పాత మోటారు 0.725 యూనిట్లు తీసుకునేది, అంటే సామర్థ్యం 30 శాతం. కొత్తది 0.459 యూనిట్లు, సామర్థ్యం 47 శాతం పైన. ప్రతి వెయ్యి లీటర్ల మీద 37 శాతం కరెంటు మిగిలింది. కంపెనీ రిపోర్టులో ఉన్నది ఇదే. ఇందులో ఒక్క అంకె కూడా తప్పు కాదు.

ఇప్పుడు అవర్ మీటరు చూద్దాం. పాత మోటారు ఏడాదిలో సుమారు 1,500 గంటలు తిరిగింది. 7,050 యూనిట్లు కాలాయి, 9,720 ఘనపు మీటర్ల నీళ్లు వచ్చాయి. పథకం ఫార్ములా ప్రకారం ఇదే నీటిని కొత్త మోటారు తోడితే ఏడాదికి దాదాపు 2,580 యూనిట్లు మిగలాలి. కానీ కొత్త మోటారు 2,000 గంటలు తిరిగింది. 8,600 యూనిట్లు కాలాయి. మొదటి వారం కొలిచిన ధారతో లెక్కేస్తే నీళ్లు 18,720 ఘనపు మీటర్లు, దగ్గర దగ్గర రెట్టింపు. 2,580 మిగలాల్సిన చోట 1,550 అదనంగా పోయాయి.

మా వృత్తిలో దీన్ని రీబౌండ్ అంటారు. రావాల్సిన ఆదాలో ఎంత భాగాన్ని పెరిగిన వాడకం తినేసిందో చెప్పే శాతం అది. 20, 30 శాతం రీబౌండ్ మామూలే, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. వంద దాటితే ఆదా అంతా పోయి, ఎదురు ఖర్చు మొదలైనట్టు. ఈ బోరు మీద 160 వచ్చింది.

పన్నెండు బోర్లలో ఏడింటి వాడకం పెరిగింది, రెండు ఉన్నచోటే ఉన్నాయి, మూడింటి మీద నిజంగానే తగ్గింది. ఆ మూడింటి సంగతి తర్వాత చెబుతాను, అది కూడా ముఖ్యమే.

వేరే కారణాలేమైనా ఉన్నాయా

ఇలాంటి కేసులో ముందు అనుమానించాల్సింది వానని. రెండో ఏడాది వాన తక్కువ పడి ఉంటే, మోటారు ఏదైనా రైతు ఎక్కువే తోడతాడు. మండల రెయిన్‌గేజ్ రికార్డు తెచ్చి చూశాం. రెండేళ్ల వానల్లో తేడా పెద్దది కాదు, పైగా రెండో ఏడాదే నాలుగు చినుకులు ఎక్కువ. సప్లై గంటలు మారలేదు, రెండేళ్లూ పగటిపూట తొమ్మిది గంటలే. లైన్ లాసు (తీగల్లో దారిలోనే పోయే కరెంటు) పెరిగిందా అంటే, మా లెక్క ఫీడర్ మొదట్లో కాదు, స్టార్టరు దగ్గర. అక్కడ లైన్ లాసు ఊసే రాదు. మీటర్లు తప్పు చూపిస్తున్నాయేమోనని నాలుగింటిని పవర్ అనలైజర్ పక్కన పెట్టి సరిచూశాం. సరిగ్గానే ఉన్నాయి.

ఇక మిగిలింది రైతు. అతన్నే అడిగాం.

"అన్నా, ఈ మోటారు గంటకు తక్కువ కరెంటు తాగుతుంది కదా, మరి అన్ని గంటలెందుకు తిప్పుతున్నారు?"

"మీరు కరెంటు మిగలాలని మోటరిస్తిరి సార్, నేను నీళ్లకోసరం తీసుకుంటి. ఇంచిన్నర వస్తాండె, ఇప్పుడు రెండించులొస్తాంది. పక్కన మెట్ట ఊరికే పడుండాది, టమోటా ఏస్తి. వస్తాండే నీళ్లు ఏమిటికి ఇడిసిపెట్టల్ల?"

ఇంతకంటే సూటిగా ఏ సెమినార్‌లోనూ నేను వినలేదు. అతనికి కరెంటు ఉచితం. కరెంటు మిగిలితే అతని జేబులోకి ఒక్క పైసా రాదు. అతనికి కొరత ఉన్నది నీటికి. రోజుకు తొమ్మిది గంటల్లో ఎన్ని నీళ్లు వస్తే అంతే సేద్యం. కొత్త మోటారు అదే గంటలో ఎక్కువ నీళ్లిచ్చింది కాబట్టి సేద్యం పెరిగింది. సేద్యం పెరిగాక వేసవిలో కూడా మోటారు ఆపే వీలు లేదు. పాత ఏడాది మార్చి నుంచి మే దాకా అవర్ మీటరు చీనీ చెట్లకు తడి పెట్టిన రోజుల్లోనే కదిలింది. కొత్త ఏడాది ఆ మూడు నెలల్లోనే గంటలు బాగా పెరిగాయి.

రెండో కారణం మేం వెతకకుండానే దొరికింది. రివైండింగు షాపులో. ఈ ఊరి మోటార్లు ఎక్కువగా చుట్టే మెకానిక్ ఒకాయన తన పుస్తకం చూపించాడు. ఏ రైతు మోటారు ఏ తేదీన వచ్చింది, ఎప్పుడు తిరిగి పోయింది అన్నీ రాసి ఉన్నాయి. పాత మోటార్లు సీజన్‌లో ఒకటి రెండుసార్లు కాలేవి. సింగిల్ ఫేజింగ్ అయితే (మూడు ఫేజుల్లో ఒకటి పోతే) కాలడం, ఓల్టేజీ పడితే కాలడం, బోరులో నీళ్లు తగ్గి డ్రై రన్ అయితే కాలడం. కాలిన ప్రతిసారీ పైపులు ఊడదీసి మోటారు పైకి తీయాలి, షాపుకు తేవాలి, చుట్టించాలి, మళ్లీ దించాలి. వారం పది రోజులు బోరు ఆగిపోయేది. కొత్త మోటారుతో పాటు స్మార్ట్ ప్యానెల్ ఇచ్చారు. ఫేజు పోతే ఆపేస్తుంది, నీళ్లు తగ్గితే ఆపేస్తుంది, సెల్‌ఫోన్‌తో ఇంటి దగ్గర్నుంచే ఆన్ ఆఫ్ చేసుకోవచ్చు. మోటార్లు కాలడం దాదాపు ఆగిపోయింది. రైతుకు ఇది పెద్ద మేలు, ఇందులో వాదన లేదు. కానీ పాత మోటారు కాలిపోయి షాపులో కూర్చున్న రోజులన్నీ కరెంటు లెక్కలో ఆదా రోజులే. ఆ ఆదా ఇప్పుడు పోయింది. ఏ రిపోర్టులోనూ ఈ పద్దు కనపడదు.

మెకానిక్‌కి గిరాకీ తగ్గిందనుకుంటున్నారేమో. తగ్గలేదు. ఎందుకో కింద వస్తుంది.

నీటిమట్టం

కొత్త మోటార్లతో ఏడాది గడిచాక, మేం వెళ్లినప్పుడు నీటిమట్టం కొలిచే సౌండర్ టేపు బోర్లలోకి దించి చూశాం. నేను చెప్పిన బోరులో ఎత్తాల్సిన ఎత్తు 80 నుంచి 95 మీటర్లకు పోయింది. మోటారు అదే, ఏ లోపమూ లేదు. 95 మీటర్ల మీద డిశ్చార్జి (నీటి ధార) సెకనుకు 2.1 లీటర్లకు పడింది. వెయ్యి లీటర్లకు పట్టే కరెంటు 0.459 నుంచి 0.569 యూనిట్లకు పెరిగింది. పాత మోటారుతో పోలిస్తే 37 శాతం ఉన్న ఆదా 21 శాతానికి దిగింది. మోటారు సామర్థ్యం మాత్రం ఇప్పటికీ 45 శాతం పైనే చూపిస్తుంది. స్టార్ రేటింగు మోటారుకే, బోరు ఎంత లోతుకు పోయిందో దానికి పట్టదు.

చుట్టుపక్కల బోర్లన్నీ ఒకే రాతి పగుళ్ల మీద ఆధారపడ్డాయి. ఒకరు ఎక్కువ తోడితే పక్కవాడి మట్టం కూడా దిగుతుంది. పథకంలో లేని ఇద్దరు రైతులు అదే ఏడాది బోర్లు ఇంకా లోతుకు వేయించుకుని, స్టేజీలు (నీటిని పైకి నెట్టే చక్రాల వరసలు) ఎక్కువున్న ఏడున్నర హెచ్‌పీ మోటార్లు దించారు. వీటిలో స్టార్ రేటింగు ఉన్నది ఒక్కటీ లేదు, స్థానికంగా చుట్టించినవే. మెకానిక్ గిరాకీ తగ్గకపోవడానికి కారణం వీళ్లే. ఒక్కో ఏడున్నర హెచ్‌పీ మోటారు ఏడాదికి 12,000 యూనిట్లకు పైనే తాగుతుంది. పథకం లెక్కల సరిహద్దు పథకంలోని మోటార్ల దగ్గరే ఆగుతుంది కాబట్టి ఈ ఇద్దరూ అందులో కనపడరు. ఫీడర్ మీటరుకు సరిహద్దులు తెలియవు. పన్నెండు బోర్ల లెక్కకూ ఫీడర్ లెక్కకూ మధ్య మిగిలిన తేడాలో ఎక్కువ భాగం ఇలాంటి బోర్లదేనని మా అంచనా.

తగ్గిన మూడు బోర్లు

ఆ మూడు బోర్లలో ఊట తక్కువ. పాత మోటారుతోనే నాలుగైదు గంటలు తిప్పితే నీళ్లు అయిపోయి గాలి కొట్టేది. కొత్త మోటారు అదే నీటిని మూడు గంటల్లో పైకి పోసేసింది, ప్యానెల్ ఆపేసింది. ఇంకా తోడదామన్నా కింద నీళ్లు లేవు. ఇక్కడ పథకం ఫార్ములాలోని ఊహ అచ్చంగా నిజమైంది. నీళ్లు ముందెన్నో తర్వాతా అన్నే, కరెంటు మాత్రం మూడో వంతు తగ్గింది.

అంటే అదే కంపెనీ, అదే మోటారు, అదే ఉచిత కరెంటు. ఒక బోరు మీద ఆదా, పక్క బోరు మీద ఎదురు ఖర్చు. తేడా ఎక్కడుందంటే రైతును ఆపుతున్న అడ్డు ఏదన్న దాంట్లో. ఊట అడ్డుగా ఉన్నచోట సామర్థ్యం కరెంటుగా మిగిలింది. మోటారు అడ్డుగా ఉన్నచోట సామర్థ్యం నీరుగా, ఆ నీరు పంటగా మారిపోయింది. మోటారు దించే ముందు బోరు ఊట పరీక్ష చేసి ఉంటే ఏది ఎక్కడ జరుగుతుందో ముందే తెలిసేది. ఆ పరీక్షకు పెద్ద ఖర్చు కూడా కాదు.

ఇది మన దగ్గరే కాదు

ఇంగ్లండులో విలియం స్టాన్లీ జెవన్స్ 1865లోనే ఈ సంగతి బొగ్గు విషయంలో పట్టుకున్నాడు. స్కాట్లండులో ఒక టన్ను ఇనుము తీయడానికి పట్టే బొగ్గు మూడో వంతు కంటే తక్కువకు దిగింది. అదే కాలంలో, 1830 నుంచి 1863 లోపు, అక్కడ ఆ పనికి వాడిన మొత్తం బొగ్గు పది రెట్లు పెరిగింది. ఇనుము చవకైంది, చవకైన ఇనుముకు గిరాకీ అన్ని వైపులా పుట్టుకొచ్చింది.

మా కేసుకు దగ్గరి చుట్టం అమెరికాలోని కాన్సాస్‌లో ఉంది. అక్కడి పశ్చిమ భాగంలో స్ప్రింక్లర్ల నాజిల్స్‌ను నేలకు దగ్గరగా దించి, గాలికి ఆవిరైపోయే నీటిని తగ్గించే ఏర్పాటుకు ప్రభుత్వం సబ్సిడీ ఇచ్చింది. ఫైఫర్, లిన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఆ బావుల రికార్డులు పరిశీలించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో తేలింది ఏమిటంటే, మార్చుకున్న రైతులు భూగర్భ జలాన్ని ముందుకంటే ఎక్కువే తోడారు. నీళ్లు ఎక్కువ కావాల్సిన పంటల వైపు మళ్లడం కూడా అందులో ఒక కారణం. కాన్సాస్ రైతు మన రైతుకంటే వందల రెట్లు పెద్ద కమతం చేస్తుండొచ్చు, లెక్క మాత్రం ఒకేలా వేసుకున్నాడు.

మెక్సికోలో 2009లో మొదలైన పథకం ఇంకో రకంగా పనికొస్తుంది. పాత ఫ్రిజ్‌లు, పాత ఏసీలు ఇస్తే కొత్తవాటికి ప్రభుత్వం సాయం చేసింది. ఫ్రిజ్ మార్చిన ఇళ్లలో కరెంటు దాదాపు 8 శాతం తగ్గింది, అదీ ముందు వేసిన అంచనాలో నాలుగో వంతే. ఏసీ మార్చిన ఇళ్లలో కరెంటు పెరిగింది. ఫ్రిజ్ ఎలాగూ ఇరవై నాలుగు గంటలూ తిరిగేదే, మంచిది కొన్నామని ఇంకా ఎక్కువ తిప్పలేం. ఏసీ అలా కాదు. బిల్లుకు భయపడి రాత్రి రెండు గంటలే వేసుకునే ఇంట్లో, ఫైవ్ స్టార్ ఇన్వర్టర్ ఏసీ రాగానే తెల్లవార్లూ నడుస్తుంది. హైదరాబాద్‌లో, విజయవాడలో ఏప్రిల్ బిల్లులు చేతిలో పట్టుకుని "ఫైవ్ స్టార్ అన్నారు కదా సార్" అని నన్ను అడిగినవాళ్లు చాలామందే ఉన్నారు.

అలాగని సామర్థ్యం పెంచితే ప్రతిసారీ ఎదురు తంతుందని అనుకుంటే అదీ తప్పే. 2015లో దేశమంతా మొదలైన ఉజాలా పథకం కింద ఇళ్లలో 60 వాట్ల బల్బు తీసి 9 వాట్ల ఎల్ఈడీ పెట్టాం. ఆదా పూర్తిగా ఆవిరైపోవాలంటే అదే గదిలో ఆరేడు బల్బులు వెలిగించాలి, లేదంటే రోజంతా ఆర్పకుండా ఉంచాలి. మామూలు ఇంట్లో ఎవరూ అలా చేయరు. వెలుతురు చాలాక ఇంకా కావాలనిపించదు. అనంతపురంలో నీళ్లు చాలడం అన్నది లేదు, అదే తేడా.

డ్రిప్ పెడితే సరిపోదా

రిపోర్టు చర్చకు పెట్టినప్పుడు ఒక అధికారి వెంటనే అడిగిన ప్రశ్న ఇది. డ్రిప్ అంటే ఈ జిల్లాలో గౌరవం ఉంది, ఉండాలి కూడా. సబ్సిడీ మీద వేలాది చీనీ, దానిమ్మ తోటలకు డ్రిప్ వచ్చింది, చెట్లు బతికాయి. కానీ నీటి లెక్క వేరు, కరెంటు లెక్క వేరు. డ్రిప్ సరిగా నడవాలంటే పైపుల్లో ప్రెషరు కావాలి. ఫిల్టర్లతో కలిపి మోటారు మీద ఇంకో 10, 15 మీటర్ల ఎత్తు బరువు పడినట్టు. చెట్టుకు పోసే నీరు తగ్గుతుంది నిజమే, మిగిలిన నీటితో రైతు ఇంకో ఎకరా తడుపుకుంటాడు. పన్నెండు బోర్లలో డ్రిప్ ఉన్న నాలుగింటినీ విడిగా చూశాం. నాలుగు చోట్లా విస్తీర్ణం పెరిగింది. ఎకరాకు పట్టే నీరు తగ్గింది, బోరు మొత్తంగా తోడిన నీరు తగ్గలేదు.

ఇక్కడ నా అభిప్రాయం కూడా చెప్పాలి. రైతు తప్పు చేశాడని ఈ రిపోర్టులో ఎక్కడా రాయలేదు, రాయమన్నా రాసేవాణ్ని కాదు. టమోటా వేసిన ఆ ఎకరంన్నర మీద ఒక కుటుంబానికి పని దొరికింది, వేసవిలో వలస పోయే కొడుకు ఊళ్లోనే ఉన్నాడు. ఈ మోటార్లను వ్యవసాయ అభివృద్ధి పద్దు కింద ఇచ్చి ఉంటే మెచ్చుకుంటూ రాసేవాళ్లం. కరెంటు ఆదా పద్దు కింద ఇచ్చారు, ఆదా యూనిట్లు చూపించి కంపెనీకి డబ్బు కడతామన్నారు, ఇబ్బంది అక్కడ వచ్చింది. ఇక నీటిమట్టం దిగడం మాత్రం ఏ పద్దు కింద చూసినా నష్టమే, అది ఆ కుటుంబానికీ నష్టమే. రెండు మూడేళ్లు వానలు ముఖం చాటేస్తే ముందు ఎండేది ఆ టమోటా చేను కాదు, ఇరవై ఏళ్ల చీనీ చెట్లు.

మేం ఏం సిఫార్సు చేశాం

మొదటిది, మోటారు సైజు. ఐదు హెచ్‌పీ తీసి ఐదు హెచ్‌పీ పెట్టడం మానేయాలి. పాత మోటారు ఎన్ని నీళ్లిచ్చేదో అన్నే ఇచ్చే చిన్న మోటారు పెడితే సామర్థ్యం కరెంటుగా మిగిలే వీలుంది. నేను చెప్పిన బోరులో సెకనుకు 1.8 లీటర్లకు మంచి మూడు హెచ్‌పీ సెట్టు సరిపోతుంది. గంటలు పెంచి ఎక్కువ తోడుకోవడాన్ని ఇది పూర్తిగా ఆపదు, కానీ తొమ్మిది గంటల సప్లైలో ఇంతకు మించి తోడలేరన్న హద్దు ఒకటి ఏర్పడుతుంది.

రెండోది, మిగిల్చిన కరెంటుకు రైతుకు డబ్బివ్వడం. పంజాబ్‌లో 2018లో పానీ బచావో పైసే కమావో అనే పథకం తెచ్చారు. ఒప్పుకున్న రైతుకు మీటరు పెట్టి, సీజన్‌ను బట్టి ఇన్ని యూనిట్లని కోటా ఇచ్చారు. అందులో మిగిల్చిన ప్రతి యూనిట్‌కూ 4 రూపాయలు రైతు ఖాతాలో వేశారు. ఉచితం ఉచితమే, బిల్లు రాదు. కానీ ఊరికే తిరిగే మోటారుకు మొదటిసారి ఒక ధర కనపడుతుంది. ఇక్కడ మీటరు అన్న మాట ఎత్తితేనే ఊళ్లో టెన్షన్ మొదలవుతుంది, రేపు బిల్లు వేస్తారేమోనన్న భయం చిన్నది కాదు. అందుకే దీన్ని ఇష్టపడ్డవాళ్లతోనే, ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద మొదలుపెట్టమన్నాం.

మూడోది కరెంటు వైపు నుంచి వచ్చేది కాదు. 2000ల్లో అనంతపురంతో సహా ఏడు కరువు జిల్లాల్లో ఏపీఫామ్స్ (APFAMGS) అనే, రైతులే భూగర్భ జలాల లెక్క చూసుకునే ప్రాజెక్టు నడిచింది. రైతులే వాన కొలిచేవాళ్లు, బోర్లలో మట్టం కొలిచేవాళ్లు, రబీకి ముందు అందరూ కూర్చుని కింద ఎంత నీరుంది, ఏ పంటకు ఎంత పడుతుంది అని లెక్క వేసుకునేవాళ్లు. ఎవరూ ఎవరినీ నిషేధించలేదు. లెక్క కళ్ల ముందు ఉండటంతో నీళ్లెక్కువ తాగే పంటలు తగ్గించుకున్న ఊళ్లున్నాయి. మోటార్ల పథకంతో పాటు ఇలాంటి లెక్క కూడా ఊళ్లో నడవాలని రాశాం. కరెంటు శాఖకు ఇది తమ పని అనిపించలేదు. భూగర్భ జల శాఖకు మోటార్లు తమ పని అనిపించలేదు. ఆ పేజీ మీద ఎవరి సంతకమూ లేకుండా ఫైలు ముందుకు పోయింది.

కంపెనీ పేమెంటు సంగతి త్వరగానే తేలింది. మోటారు సామర్థ్యానికి కంపెనీ బాధ్యత, రైతు ఎన్ని గంటలు తిప్పాలన్నది వాళ్ల చేతిలో లేదు కాబట్టి, వెయ్యి లీటర్లకు పట్టే యూనిట్ల మీద ఒప్పందం మార్చుకుని డబ్బులిచ్చారు. ఆ లెక్కలో పథకం విజయవంతం.

రెండో విడతకు మా సిఫార్సుల్లో మొదటిది ఒప్పుకున్నారు. ఊట పరీక్ష చేసి మోటారు సైజు నిర్ణయిస్తున్నారు. ఊళ్లో మీటింగు పెట్టి మూడు హెచ్‌పీ మోటారు గురించి చెప్పినప్పుడు, నీళ్లు తగ్గవని డ్రమ్ము పెట్టి చూపించాక కూడా చాలామంది చేతులు కట్టుకునే కూర్చున్నారు. చివరికి ఒక రైతు లేచి అడిగాడు: "ఐదు హెచ్‌పీ సర్వీసు మీద మూడు హెచ్‌పీ మోటరు పెట్టుకుంటే, రేపు మా సర్వీసు గూడా మూడుకే రాసేస్తారా సార్? మల్లా ఐదు కావల్లంటే ఎవరు కట్టల్ల డబ్బులు?" అదనపు లోడుకు ఎంత కట్టాల్సి వస్తుందో అక్కడ కూర్చున్న ప్రతి రైతుకూ తెలుసు. సర్వీసు లోడు తగ్గించబోమని రాతపూర్వకంగా ఇవ్వాలని డివిజన్ ఆఫీసును అడిగాం. ఆ కాగితం వచ్చేదాకా మోటార్లు గోడౌన్‌లోనే ఉంటాయి.